జేబులో పట్టే రేడియోకి పొట్టి యాంటెన్నా చేసుకోవడం ఎలా

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత ఉద్దానం ఊళ్లలో కరెంటు, సెల్ సిగ్నలు రెండూ రోజుల తరబడి లేవు. టవరుతో పనిలేకుండా నాలుగు మాటలు చేరవేసే చిన్న రేడియో ఇంటికొకటి ఉంటే ఎంత మేలో అలాంటప్పుడు తెలుస్తుంది. ఇప్పుడు లోరా (తక్కువ పవరుతో చిన్న మెసేజీలని దూరం పంపే రేడియో పద్ధతి) మాడ్యూలు, చిన్న బ్యాటరీ, మెష్‌టాస్టిక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఉంటే అలాంటిది ఎవరైనా కట్టుకోవచ్చు. ఇబ్బంది అంతా యాంటెన్నా దగ్గరే. పొడుగుది పెడితే జేబులో పట్టదు. బోర్డుతో పాటు వచ్చే వేలెడంత దాన్ని పెడితే తోట దాటి సిగ్నలు పోదు. మూడు సెంటీమీటర్ల ఎత్తులో, పొడుగు తీగకి మరీ వెనకబడని యాంటెన్నాని ఇంట్లోనే ఎలా చుట్టుకోవాలో, అది నిజంగా పనిచేస్తోందో లేదో ఎలా తేల్చుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

పనిలోకి దిగేముందు ఒక్క విషయం బుర్రలో గట్టిగా పెట్టుకోండి. దాని మీదే మిగతా అంతా ఆధారపడి ఉంటుంది.

ఏది చిన్నదవుతుంది, ఏది కాదు

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి వీణలు చేస్తారు. బహుమతులుగా ఇచ్చుకునే బుల్లి వీణలు కూడా అక్కడే చేస్తారు. వాటికి యాళి ఉంటుంది, మెట్లుంటాయి, తీగలుంటాయి. కచేరీకి మాత్రం పనికిరావు. శ్రుతిని నిర్ణయించేది తీగ. దాన్ని పొట్టిది చేసినా, సన్నం చేసినా, బిగువు మార్చి కావలసిన శ్రుతికి తెచ్చుకోవచ్చు. ఆ కంపనాన్ని గదంతా వినిపించేది మాత్రం కుండ. కుండ కుంచించుకుపోతే గాలిని కదిపే సత్తా పోతుంది. రేడియోలో రెజొనేటర్‌ది (ఒకే ఫ్రీక్వెన్సీకి కంపించి దాన్ని నిలబెట్టే భాగానిది) తీగ పని, యాంటెన్నాది కుండ పని.

రెజొనేటర్ శక్తిని తనలోనే దాచుకుంటుంది, బయటికి వదలనక్కర్లేదు. అందుకే దాన్ని ఎంతైనా కుదించవచ్చు. ఎలాగంటే, విద్యుత్తుని శబ్ద కంపనంగా మార్చేస్తారు. రేడియో తరంగం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతే, క్వార్ట్జ్ లాంటి స్ఫటికంలో కంపనం సెకనుకి మూడు నాలుగు కిలోమీటర్లే పోతుంది. అంటే అదే ఫ్రీక్వెన్సీకి తరంగదైర్ఘ్యం దాదాపు లక్షో వంతుకి పడిపోతుంది. రేడియోల్లో వాడే, ఏటీ-కట్ అనే కోణంలో కోసిన క్వార్ట్జ్ పలక 1 మెగాహెర్ట్జ్‌కి సుమారు 1.66 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మీ లోరా మాడ్యూలులో ఉండే 32 మెగాహెర్ట్జ్ స్ఫటికం మందం ఆ లెక్కన 52 మైక్రాన్లు. సా ఫిల్టరులో (కావలసిన ఫ్రీక్వెన్సీని మాత్రమే పోనిచ్చే భాగంలో) కంపనం పలక పైపొర మీద పాకుతుంది. 866 మెగాహెర్ట్జ్ దగ్గర దాని తరంగదైర్ఘ్యం నాలుగు మైక్రాన్ల పైచిలుకు మాత్రమే. బియ్యపుగింజ కన్నా చిన్న పెట్టెలో ఫిల్టరు మొత్తం ఇమిడిపోయేది ఇందుకే.

యాంటెన్నాకి ఈ వెసులుబాటు లేదు. అది బయట ఉన్న ఖాళీలోకి తరంగాన్ని వదలాలి, ఆ ఖాళీలో తరంగదైర్ఘ్యం మన చేతిలో లేదు. 1947లో హెరాల్డ్ వీలర్, 1948లో ఎల్.జె. చూ ఈ హద్దుని లెక్కగట్టి చూపించారు. పరిమాణం తగ్గిస్తే బ్యాండువిడ్త్ అయినా పోతుంది, శక్తి అయినా వేడిగా పోతుంది. రెండూ దక్కవు. అయస్కాంత పొరని, పీజో (కరెంటు ఇస్తే కంపించే) పొరని కలిపి శబ్ద కంపనంతోనే తరంగాన్ని వదిలే యాంటెన్నాల మీద పరిశోధన సాగుతోంది. అది మనం కొట్టుకెళ్లి కొనుక్కునే సరుకు మాత్రం కాదు.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. విశాఖ ఆకాశవాణి 927 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 320 మీటర్లు దాటుతుంది, మరి తాతగారి ట్రాన్సిస్టరు వేలెడు ఫెరైట్ కడ్డీతో దాన్ని ఎలా పట్టేది? ఆ కడ్డీ సామర్థ్యం నిజానికి అతి తక్కువ. కాకపోతే మీడియం వేవ్‌లో ఉరుముల నుంచి, మోటార్ల నుంచి వచ్చే గోల సెట్టు లోపలి గోల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కడ్డీ పాటనీ గోలనీ సమానంగా తగ్గిస్తుంది, తర్వాత సెట్టు రెండింటినీ పెంచుతుంది, పాటకీ గోలకీ ఉన్న తేడా అలాగే ఉంటుంది. పైగా అది వినే సెట్టే, పంపేది కాదు. మన పరికరం 866 మెగాహెర్ట్జ్‌లో, అదీ పంపడానికి. అక్కడ యాంటెన్నాలో పోయిన ప్రతి డెసిబెల్ పోయినట్టే.

1. బ్యాండు ఖాయం చేసుకోండి

మన దేశంలో 865–868 మెగాహెర్ట్జ్ బ్యాండుకి లైసెన్సు అక్కర్లేదు. ట్రాన్స్‌మిటరు పవరు 1 వాటు, యాంటెన్నాతో కలిపి ప్రసరించే పవరు 4 వాట్లు, క్యారియర్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్ మించకూడదు. మాడ్యూలు కొనేటప్పుడు 868 అని ఉన్నది తీసుకోండి, అది 866లో చక్కగా పనిచేస్తుంది. 915 అని ఉన్నది అమెరికా సరుకు, చౌకగా దొరికినా వద్దు. ఇక్కడ 890 నుంచి 915 దాకా సెల్‌ఫోన్ల సొత్తు. సాఫ్ట్‌వేరులో ప్రాంతం ఇండియా అని పెట్టడం మరిచిపోవద్దు.

2. పెట్టె కొలిచి లెక్క వేయండి

300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. 866కి 34.6 సెంటీమీటర్లు, అందులో పావు 8.66 సెంటీమీటర్లు. గ్రౌండు (నేల కాదు, బోర్డు మీది రాగి పొర) మీద నిలబెట్టిన మామూలు తీగ యాంటెన్నా పొడవు అది.

ఇప్పుడు మీ పరికరం మొత్తం ఇమిడే బంతిని ఊహించుకుని దాని వ్యాసార్థం తీసుకోండి. దాన్ని 6.28తో గుణించి 34.6తో భాగించండి. వచ్చిన సంఖ్యని "క" అందాం. యాంటెన్నాకి ఉండగల అతి తక్కువ క్యూ ఇది: 1 ÷ (క × క × క), దానికి 1 ÷ క కలపాలి. క్యూ ఎంత పెరిగితే బ్యాండు అంత ఇరుకు.

ఒక సెంటీమీటరు చిప్ యాంటెన్నాని విడిగా తీసుకుంటే వ్యాసార్థం అర సెంటీమీటరు, క 0.09, క్యూ దాదాపు 1350. 866ని దానితో భాగిస్తే బ్యాండువిడ్త్ ఒక మెగాహెర్ట్జ్ కూడా రాదు, మన బ్యాండే మూడు మెగాహెర్ట్జ్‌ల వెడల్పు. అదే, 9 సెంటీమీటర్ల పొడవున్న పరికరం మొత్తాన్ని యాంటెన్నాగా లెక్కేస్తే వ్యాసార్థం నాలుగున్నర, క 0.82, క్యూ 3 చిల్లర.

1350 ఎక్కడ, 3 ఎక్కడ? ఈ పని మొత్తంలో మీకు కలిసొచ్చే లెక్క ఇదొక్కటే. యాంటెన్నా అంటే మీరు చుట్టే తీగ ఒక్కటే కాదు. బోర్డు మీది గ్రౌండు రాగి అందులో రెండో సగం, నిజానికి పెద్ద సగం. చిప్ యాంటెన్నా తయారీదారులు చూపించే మంచి అంకెలన్నీ పొడవాటి టెస్టు బోర్డు మీద తీసినవే. అదే చిప్‌ని మూడు సెంటీమీటర్ల బోర్డు మీద అంటిస్తే ఆ అంకెలు రావు.

3. గ్రౌండుకి పొడవు ఇవ్వండి

బోర్డు సన్నగా ఉన్నా పర్లేదు, పొడవు ఉండాలి. 8 సెంటీమీటర్లు ఉంటే మంచిది, 6కి తగ్గనివ్వకండి. 6 సెంటీమీటర్ల పరికరానికి కనీస క్యూ 8 దాకా పోతుంది, అయినా నెట్టుకురావచ్చు. మీ మాడ్యూలు బోర్డు మరీ చిన్నదైతే రాగి పూసిన ఖాళీ బోర్డు ముక్కని కావలసిన పొడవుకి కోసి, మాడ్యూలు గ్రౌండుని దానికి రెండు మూడు చోట్ల టంకం పెట్టండి.

యాంటెన్నా ఎప్పుడూ పొట్టి అంచు మీద, ఒక మూలన ఉండాలి, మధ్యలో పెట్టొద్దు. దాని కింద, చుట్టూ ఒక సెంటీమీటరు మేర రాగి ఉండకూడదు. లిథియం బ్యాటరీకి పైన ఉన్నది లోహపు రేకే కాబట్టి దాన్ని యాంటెన్నాకి దూరంగా, గ్రౌండు వెనక వైపు అంటించండి. డిస్‌ప్లే రిబ్బను, యూఎస్‌బీ వైరు యాంటెన్నా ముందు నుంచి పోకుండా చూసుకోండి.

4. ముందు పొడుగు తీగతో కొలబద్ద చేసుకోండి

పొట్టిది చుట్టేముందు అదే బోర్డు మీద 9 సెంటీమీటర్ల రాగి తీగని నిటారుగా టంకం పెట్టి, 866 దగ్గర సర్దుకునేదాకా కొంచెం కొంచెం కత్తిరించండి (మీటరుతో ఎలా చూడాలో ఆరో మెట్టులో ఉంది). ఎనిమిదిన్నరకి అటూ ఇటూగా ఆగుతుంది. చివరలో మీ యాంటెన్నాని పోల్చుకోవాల్సింది దీనితోనే. ఇది లేకపోతే "బాగానే పోతోంది" అన్న మాటకి అర్థం ఉండదు. కాబట్టి దీనికి రెండో బోర్డు ఒకటి కేటాయించి అలాగే ఉంచండి.

యాంటెన్నా లేకుండా మాడ్యూలుతో ట్రాన్స్‌మిట్ చేయించకండి, పవరు దశ కాలిపోవచ్చు.

5. తీగ తెచ్చి చుట్టండి

శ్రీకాకుళం జీటీ రోడ్డైనా, విజయనగరం గంటస్తంభం పక్క సందులైనా, మోటార్ వైండింగ్ షాపు లేని ఊరు మన దగ్గర లేదు. అక్కడ ఎనామిల్ రాగి తీగ 19 గేజిది అడగండి, అది మిల్లీమీటరు మందం. తూకానికి అమ్ముతారు, మీకు కావలసిన మీటరు తీగకి చాలాచోట్ల డబ్బులు కూడా తీసుకోరు. అంత మందం ఎందుకంటే, 866 మెగాహెర్ట్జ్‌లో కరెంటు రాగి పైపొరలో రెండు మైక్రాన్ల పైచిలుకు లోతుకే దిగుతుంది. లోపలి రాగి దండగే, పైచర్మం వైశాల్యమే లెక్క. మూడో వంతు మందం ఉన్న తీగ వాడితే నష్టం మూడింతలు. మార్కెట్లో దొరికే స్ప్రింగ్ యాంటెన్నాలకి అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే లోపల ఇనుమో, పైన నికెలో ఉన్నట్టు, దాన్ని పక్కన పెట్టేయండి.

5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు నున్నని కాడ మీద తీగని బిగుతుగా, చుట్టుకి చుట్టు తాకేలా 9 చుట్లు చుట్టండి. కింద అర సెంటీమీటరు కాలు వదలండి. బిట్టు తీసేశాక, 3 మిల్లీమీటర్ల బిట్టుని చుట్టుకీ చుట్టుకీ మధ్య దూర్చి మెల్లగా తిప్పుకుంటూ పైదాకా పోనివ్వండి. సందులన్నీ సమానంగా తెరుచుకుంటాయి. చుట్టు మొదలు నుంచి పై చుట్టు మొదలుకి 4 మిల్లీమీటర్లు వస్తుంది. కాలి మీది ఎనామిల్‌ని బ్లేడుతో గీకి, ఎర్రటి రాగి చుట్టూరా కనబడ్డాకే టంకం పెట్టండి. మోటారు తీగ ఎనామిల్ టంకం వేడికి కరగదు. పైకి అంటినట్టే ఉండి లోపల పట్టకపోతే, తర్వాత కొలతలు పూటకో రకంగా వస్తాయి.

ఈ కొలతలకి లెక్క ప్రకారం ఏడున్నర చుట్ల దగ్గర, 3 సెంటీమీటర్ల ఎత్తులో 866 పడుతుంది. ఒకటిన్నర చుట్టు ఎక్కువ పెట్టమన్నది కత్తిరించుకోవడానికి.

"దగ్గర దగ్గరగా చుడితే ఇంకా పొట్టిదవుతుంది కదా" అనిపిస్తుంది. అవుతుంది. 2 మిల్లీమీటర్ల ఎడంతో చుడితే ఆరున్నర ఏడు చుట్లకే, 13 మిల్లీమీటర్ల ఎత్తులోనే 866 వచ్చేస్తుంది. మీటరులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ తరంగాన్ని బయటికి నెట్టే రేడియేషన్ రెసిస్టెన్స్ ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. పెద్ద గ్రౌండు మీద 3 సెంటీమీటర్ల ఎత్తుకి అది 5 ఓంల దగ్గర ఉంటే, 13 మిల్లీమీటర్లకి ఒక్క ఓమ్‌కి పడిపోతుంది. టంకం, తీగ, బోర్డు కలిసి తినే అర ఓమ్ మొదటిదానిలో పదో వంతు, రెండోదానిలో మూడో వంతు. అందుకే పెట్టెలో ఎంత ఎత్తుకి చోటుంటే అంతా వాడుకోండి. చుట్ల మధ్య ఎడం పెంచండి, మిల్లీమీటరు కూడా వృథా చేయకండి. బోర్డు కూడా ప్రసరిస్తుంది కాబట్టి మీ చేతిలో పరికరానికి అంకెలు ఇంతకన్నా ఎక్కువే కనిపిస్తాయి, పోలిక మాత్రం మారదు.

6. నానోవీఎన్ఏతో సర్దండి

నానోవీఎన్ఏ అంటే యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర సర్దుకుందో చూపించే చిన్న మీటరు. అది మీ దగ్గర లేకపోతే దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ ఈసీఈ ల్యాబులో అడిగి చూడండి. మొదట్లో వచ్చిన మోడళ్లకి 900 మెగాహెర్ట్జ్ దాదాపు చివరి అంచు, అక్కడ కొలత కాస్త గరుగ్గా ఉంటుంది. 1.5 గిగాహెర్ట్జ్ దాకా పోయేదైతే నయం.

స్వీప్ (మీటరు చూసే ఫ్రీక్వెన్సీల మేర) 800 నుంచి 930 దాకా పెట్టండి. ఓపెన్, షార్ట్, లోడ్ క్యాలిబ్రేషన్‌ని మీటరు మూతి దగ్గర కాకుండా కేబులు కొస దగ్గర చేయండి. మధ్యలో ఉన్న పది సెంటీమీటర్ల కేబులే ఈ ఫ్రీక్వెన్సీలో రీడింగు మొత్తాన్ని తిప్పేస్తుంది.

కేబులు విషయంలో ఇంకో చిక్కుంది, చిన్న పరికరాల్లో ఇదే అసలు ఉచ్చు. బోర్డు గ్రౌండు యాంటెన్నాలో సగం అన్నాం కదా, దానికి కేబులు తగిలించగానే కేబులు పైతొడుగు కూడా గ్రౌండులో భాగమైపోయి తరంగాన్ని వదులుతుంది. మీటరులో బ్రహ్మాండంగా కనబడుతుంది, కేబులు పీకాక పరికరం మూగబోతుంది. పరీక్షించడం తేలిక. రీడింగు చూస్తూ కేబులుని చేత్తో జారుగా పట్టుకుని నిమరండి. తెర మీది గీత (యాంటెన్నా సర్దుకున్న చోట గుంటలా దిగేది) కదిలితే కేబులు కలుస్తున్నట్టే. కేబులుని బోర్డు పొడవుకి అడ్డంగా, మధ్య భాగం నుంచి బయటికి తీయండి. బోర్డుని ఆనించి నాలుగైదు ఫెరైట్ పూసలు ఎక్కించండి. గీత కదలడం ఆగాకే కత్తెర పట్టుకోండి.

పావు చుట్టు కత్తిరిస్తే ఫ్రీక్వెన్సీ పాతిక మెగాహెర్ట్జ్ అటూ ఇటూగా పైకి పోతుంది. అంచేత చివరి రెండు మూడు కోతలు మరీ చిన్నవిగా వేసి, ఆ తర్వాత చుట్లని సాగదీసి, నొక్కి సర్దండి. సాగదీస్తే పైకి, నొక్కితే కిందికి.

7. 50 ఓంలకి కలపండి

ఎనిమిదో మెట్టులోని డబ్బా పరీక్ష ఇండక్టరు పెట్టకముందు చేయాల్సింది, కాబట్టి ముందు అది చదివి చేసుకోండి. సర్దిన యాంటెన్నా మాడ్యూలుకి కావలసిన 50 ఓంలు చూపించదు, తక్కువే చూపిస్తుంది. 12 ఓంలు అనుకుందాం. దీన్ని ఒక్క పార్టుతో కలపవచ్చు. యాంటెన్నాని ఇంకాస్త పొట్టి చేసి, 866 దగ్గర స్మిత్ చార్ట్‌లో (మీటరు చూపించే గుండ్రటి పటంలో) 12 ఓంల రెసిస్టెన్స్, మైనస్ 21 ఓంల రియాక్టెన్స్ (శక్తిని తినకుండా కరెంటుని ఆపే భాగం) కనిపించేలా చేయండి. అంటే చుక్క కింది సగంలో ఉండాలి. అప్పుడు యాంటెన్నా కాలు నుంచి గ్రౌండుకి 5.1 నానోహెన్రీల ఇండక్టరు ఒకటి పెడితే చుక్క నేరుగా చార్టు నడిమధ్యకి వస్తుంది. మీ దగ్గర 12 కాక వేరే అంకె వస్తే ఇలా వేసుకోండి: 50ని దానితో భాగించి, ఒకటి తీసేసి, వర్గమూలం కట్టండి. ఆ వచ్చినదాన్ని మీ ఓంలతో గుణిస్తే కావలసిన మైనస్ రియాక్టెన్స్, 50ని ఆ వర్గమూలంతో భాగిస్తే ఇండక్టరు రియాక్టెన్స్. ఆ రియాక్టెన్స్‌ని 6.28తో, 0.866తో భాగిస్తే నానోహెన్రీలు వస్తాయి.

ఈ ఇండక్టరుతో ఇంకో లాభం ఉంది. యాంటెన్నా నేరుగా గ్రౌండుకి కలిసి ఉంటుంది కాబట్టి ఉరుముల వాతావరణంలో పోగయ్యే స్టాటిక్ చార్జీ మాడ్యూలులోకి పోకుండా దిగిపోతుంది.

ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1 అంటే ఏమీ రావడం లేదు) 855 నుంచి 877 దాకా 2 లోపు ఉంటే అక్కడితో ఆగండి. 2 దగ్గర వెనక్కి వచ్చేది 11 శాతమే. 1.1 కోసం పూటంతా కూర్చోవడం దండగ. అంత వెడల్పు ఎందుకంటే చెయ్యి తగిలినా, వాన తడిసినా గీత పక్కకి జరుగుతుంది, జరిగాక కూడా 866 లోపలే ఉండాలి.

8. రేకు డబ్బా పరీక్ష

దీన్ని ఎవరూ చేయరు, అందరూ చేయాల్సింది ఇదే. ఎస్‌డబ్ల్యూఆర్ బాగుందంటే శక్తి వెనక్కి రావడం లేదని మాత్రమే అర్థం. 50 ఓంల రెసిస్టరు పెట్టినా ఎస్‌డబ్ల్యూఆర్ ఒకటే వస్తుంది, గాలిలోకి మాత్రం ఏమీ పోదు. పొట్టి యాంటెన్నా గీత అనుమానం వచ్చేంత వెడల్పుగా ఉంటే సంతోషించకండి. చాలాసార్లు అది శక్తి వేడిగా పోతోందనడానికి గుర్తు.

వీలర్ 1959లో దీనికి సులువైన ఉపాయం చెప్పాడు. ఇండక్టరు పెట్టకముందు, 866 దగ్గర సర్దిన యాంటెన్నా రెసిస్టెన్స్ రాసుకోండి. తర్వాత 12 సెంటీమీటర్ల వ్యాసం, 15 సెంటీమీటర్ల ఎత్తున్న బిస్కెట్ల రేకు డబ్బాలో పరికరం మొత్తాన్ని థర్మోకోల్ ముక్క మీద నిలబెట్టి మూత పెట్టండి. కేబులు బయటికొచ్చే చిల్లు దగ్గర దాని పైతొడుగుని డబ్బాకి టంకం పెట్టాలి, మూత అంచుని రాగి టేపుతో మూసేయాలి. ఇప్పుడు తరంగం బయటికి పోలేదు. కనిపించే రెసిస్టెన్స్ అంతా నష్టమే. ఫ్రీక్వెన్సీ కొంచెం జరుగుతుంది, రియాక్టెన్స్ సున్నా అయిన చోట అంకె చూడండి. బయట 12 ఓంలు, డబ్బాలో 3 ఓంలు వస్తే నష్టం నాలుగో వంతు, సామర్థ్యం 75 శాతం. 60 దాటితే మంచి యాంటెన్నానే. 30 దగ్గర ఉంటే టంకాలు, తీగ, బ్యాటరీ ఉన్న చోటు మళ్లీ చూసుకోండి.

9. పెట్టెలో పెట్టి మళ్లీ సర్దండి

ప్లాస్టిక్ పెట్టె దగ్గరికి రాగానే ఫ్రీక్వెన్సీ కిందికి దిగుతుంది. గోడ యాంటెన్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత దిగుతుంది. కనీసం రెండు మిల్లీమీటర్ల సందు ఉంచండి. మన తీరంలో ఉప్పుగాలికి రాగి ఆరు నెలల్లో పచ్చబడుతుంది కాబట్టి లక్క వార్నిష్ గానీ, బోర్డులకి వేసే కన్ఫార్మల్ కోటింగ్ గానీ పూయండి. అది కూడా ఫ్రీక్వెన్సీని కొంచెం దించుతుంది, కాబట్టి పూసి ఆరాకే చివరి సర్దుబాటు. పెట్టె మూసి, మామూలుగా పట్టుకునేట్టు చేత్తో పట్టుకుని గీత చూడండి. చేతిలో ఉన్నప్పుడు 866 గుంట మధ్యలో ఉండాలి, బల్ల మీద ఉన్నప్పుడు కాదు.

10. రెజొనేటర్ల వైపు ఒక చూపు

ఇక్కడ మీరు చేయాల్సింది తక్కువే. స్ఫటికం 10 పీపీఎం (పది లక్షల్లో పది వంతులు) తప్పితే 866 దగ్గర 8.7 కిలోహెర్ట్జ్ తేడా వస్తుంది. లోరా 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో దాదాపు 31 కిలోహెర్ట్జ్ దాకా ఓర్చుకుంటుంది కాబట్టి మామూలు స్ఫటికం చాలు. వెడల్పు తగ్గించి 62.5గానీ అంతకన్నా తక్కువగానీ వాడేవాళ్లు, ఎండలో వదిలేసే పరికరాలు కట్టేవాళ్లు టీసీఎక్స్‌ఓ (వేడికి, చలికి ఫ్రీక్వెన్సీ జరగకుండా సర్దుకునే స్ఫటికం) ఉన్న మాడ్యూలు తీసుకోండి.

సా ఫిల్టరు గురించి మాత్రం ఊరిని బట్టి నిర్ణయించుకోవాలి. 4జీ 850 బ్యాండులో టవరు పంపే సిగ్నలు 869 నుంచి మొదలవుతుంది, మనకి పక్క గుమ్మమే. శ్రీకాకుళం, విజయనగరం పట్నాల్లో టవరు కింద కూర్చుని దూరం నుంచి సన్నటి సిగ్నలు వినాలంటే ఆ హోరు రిసీవర్ని ముంచేస్తుంది. అక్కడ 866 సా ఫిల్టరు పెట్టిన మాడ్యూలు తేడా చూపిస్తుంది. సీతంపేట కొండల్లో, టవర్లు దూరంగా ఉన్నచోట అదే ఫిల్టరు తినే రెండు మూడు డెసిబెళ్లు ఊరికే నష్టం. అక్కడ నేనైతే పెట్టను.

11. బయటికెళ్లి పోల్చండి

ఒక పరికరాన్ని డాబా మీద కదలకుండా కట్టండి. రెండోదానితో ఊరి బయట తెరిపి చోటుకి వెళ్లండి. వంశధార కరకట్ట అయినా సరే, కళింగపట్నం ఇసుక అయినా సరే. రిసీవ్ అయిన మెసేజీకి ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (సిగ్నలు బలం చెప్పే అంకె) మైనస్ 90కి, మైనస్ 100కి మధ్య వచ్చే దూరం ఎంచుకోండి. మరీ దూరం పోతే ఆ అంకెని నమ్మలేం, అక్కడ ఎస్‌ఎన్‌ఆర్ (సిగ్నలుకీ గోలకీ ఉన్న తేడా) చూడాలి.

ఉన్నచోటే నిలబడి ఒక్క రీడింగు తీస్తే చాలదు. నేల నుంచి, నీటి నుంచి తిరిగొచ్చిన తరంగం నేరుగా వచ్చినదానితో కలిసి ఒకచోట పెంచుతుంది, జానెడు పక్కన తగ్గిస్తుంది. రెండు మూడు మీటర్ల మేర అడుగు అడుగుకీ ఆగి పది రీడింగులు తీయండి, వరసలో పేర్చి మధ్యది తీసుకోండి. పొడుగు తీగ బోర్డుతోనూ, మీ పొట్టి దానితోనూ అవే చోట్ల, అదే ఎత్తులో, అదే చేత్తో చేయండి. తేడా 3 డెసిబెళ్లలోపు ఉంటే బాగా చుట్టినట్టు. 6 ఉంటే అడ్డులేని చోట దూరం సగానికి పడిపోయినట్టు, ఏడో మెట్టు నుంచి మళ్లీ చూసుకోండి.

ఆ తర్వాత పరికరాన్ని చొక్కా జేబులో పెట్టి, డాబాకి ఎదురుగా ఒకసారి, వీపు తిప్పి ఒకసారి రీడింగు తీయండి. ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఆ తేడా పొట్టి యాంటెన్నాకీ పొడుగు యాంటెన్నాకీ మధ్య తేడా కన్నా ఎక్కువ రావచ్చు. జేబులో పెట్టేటప్పుడు బోర్డు వైపు ఒంటికి, యాంటెన్నా మూల బయటికి, భుజం వైపుకి ఉండేలా పెట్టెకి క్లిప్పు బిగించండి. ఉద్దానం కొబ్బరి తోటల్లో తడిసిన మట్టలు కూడా ఇలాగే పీల్చేస్తాయి. మీ వాడకం అక్కడే అయితే ఇదే కొలతని వాన వెలిసిన వెంటనే తోటలోపల ఇంకోసారి తీసి, డాబా మీది పరికరాన్ని చెట్ల తలల కన్నా పైకి ఎంత ఎత్తాలో ఆ అంకెని బట్టి తేల్చుకోండి.